ఊరుమ్మడి కాలు

"దరియావలి కుడికాలు తాత్కాలికంగా పనిచేయదు. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

మే నెల నడిమధ్యలో ఒక ఉదయం, మైపాడుకు అవతల సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పాలెంలో, టైలరు షాపు తలుపు మీద ఈ ప్రకటన సుద్దముక్కతో రాసి ఉంది. కింద రిటైర్డు సైన్సు మాస్టారు సుశీల్ కుమార్ గారి సంతకం. ఆ ఊళ్లో కరెంటు పోయినా, కుళాయి రాకపోయినా ఎవరూ ఎవరికీ చెప్పరు. ఎవరికి వారే చీకట్లో కూర్చుని, ఖాళీ బిందె చూసుకుని తెలుసుకుంటారు. కాలి విషయంలో మాత్రం ప్రజలకు ముందస్తు సమాచారం ఇచ్చారంటే, ఆ కాలి హోదా ఏమిటో మీరే ఊహించుకోవచ్చు.

దరియావలి ఎదురుకాళ్లతో పుట్టినవాడు. లోకంలో అందరూ తలతో వచ్చే చోటికి అతను కాళ్లతో వచ్చాడు. అలా పుట్టినవాళ్లు కాలితో మూడుసార్లు తొక్కితే నడుము పట్టు, మెడ పట్టు వదిలిపోతాయని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మీలో సగం మంది తొక్కించుకున్నవాళ్లే. ఎనిమిదో ఏట మొదలైన ఈ సేవ ముప్పై ఏడేళ్లుగా ఆదివారాలు కూడా లేకుండా సాగుతోంది. వేకువన వల లాగి నడుము పట్టేసినవాడు, ప్రార్థనకు మోకరించి మళ్లీ లేవలేకపోయినవాడు, నమాజులో వంగి అక్కడే ఆగిపోయినవాడు, అందరూ ఆ షాపు ముందరి చాప మీద బోర్లా పడుకున్నవాళ్లే. మతసామరస్యం గురించి జిల్లాలో చాలా సభలు జరిగాయి. దాన్ని సాధించి చూపించింది మాత్రం దరియావలి కుడికాలే.

అతను పుట్టింది పెద్ద తుఫాను రోజున, ఊరంతా తలదాచుకున్న బడి గదిలో. అదే గదిలో, మధ్య ఒక చీర అడ్డం కట్టి, అదే పూట ఇంకో మగబిడ్డకు కూడా పురుడు పోశారు. ఆ రెండోవాడు చిన్నపోలయ్య. ఇద్దరిలో ఒకడికి కాలు గొప్పదైంది, ఇంకొకడికి గొంతు గొప్పదైంది. గొంతు గొప్పదైనవాడు మూడు బోట్లకు యజమాని, మాజీ సర్పంచి అయ్యాడు. కాలు గొప్పదైనవాడు రోజుకు ఎనిమిది గంటలు కుట్టు మిషను తొక్కి, మిగిలిన వేళల్లో ఊరిని తొక్కుతూ వచ్చాడు. ముప్పై ఏడేళ్లలో ఎవరికీ వద్దని చెప్పలేదు. వద్దనడం అతనికి చేతకాదు, అదొక్కటే అతనిలో లోపం.

ఇక ప్రమాదం. రొయ్యల మేత వ్యాపారి జడ్సన్ బరువు నూటపది కిలోలు. నడుము పట్టిందని వచ్చి చాప మీద పడుకున్నాడు. మొదటి తొక్కు అయింది, రెండో తొక్కు అయింది. తొక్కించుకునేటప్పుడు తుమ్మకూడదని శాస్త్రం. మూడో తొక్కులో జడ్సన్ తుమ్మాడు. ఆ వీపు ఒక్కసారిగా పైకి లేచింది, దాని మీదున్న దరియావలి కిందికి వచ్చాడు, కుడి చీలమండ లోపలికి మడత పడింది. టప్‌మన్న చప్పుడు ఎదురింటి వాళ్లకు కూడా వినిపించింది. జడ్సన్ కంగారుగా గెంతి లేచి అతన్ని రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. ఆ గెంతుతో జడ్సన్ నడుము పట్టు పూర్తిగా వదిలిపోయింది. పడిపోతూ కూడా పని పూర్తి చేసిన కాలు అని దాని ఖ్యాతి ఇంకాస్త పెరిగింది.

ఆరోగ్య కేంద్రంలో డాక్టరు మెర్లిన్ నెల్లూరులో తీయించిన ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసింది. చిన్న వయసు అమ్మాయి, ఉన్నది ఉన్నట్టు చెప్పే దురలవాటు ఉంది.

"ఎముక విరగలేదండీ. ఎముకల్ని కలిపి పట్టి ఉంచే కట్టు తెగింది లోపల. బెణుకే గానీ పెద్ద బెణుకు. మూడు రోజులు ఐసు పెట్టి, కాలు ఎత్తులో ఉంచండి. వాపు తగ్గాక మోకాలి కింద నుంచి పిండికట్టు వేస్తా. పది రోజులు కాలు నేలకి తగలకూడదు. తర్వాత నేను చెప్పే వ్యాయామం చేయాలి."

"చేయకపోతే?" అని అడిగింది దరియావలి భార్య ఇమాంబీ.

"చీలమండ వదులైపోతుంది. నడిచేటప్పుడల్లా మడత పడతా ఉంటుంది. ఇక మిషను తొక్కడం మర్చిపోవాల్సిందే. వేరే దేశాల్లో వందల మందిని గుంపులు చేసి, ఒక్కో గుంపుకి ఒక్కో రకం కట్టు వేసి పోల్చి చూశారమ్మా. ఇంత పెద్ద బెణుక్కి ఇదే బాగా పనిచేసింది."

దరియావలికి భయం వేసింది. జూన్ పన్నెండున బడి తెరుస్తారు. నూటపన్నెండు మంది పిల్లల యూనిఫారాలు కత్తిరించి మూటలు కట్టి ఉన్నాయి. వాటిని కుట్టాల్సింది ఈ కాలే. పది రోజులంటే ఎంతలే, ఓర్చుకుంటే అయిపోతుందని అతను మనసులో లెక్క వేసుకున్నాడు. తన కాలి మీద తనకు అధికారం ఉందనుకోవడం అతను చేసిన పొరపాటు.

ఇమాంబీ బోట్లకు ఐసు కొట్టే చోటి నుంచి బకెట్టుడు ఐసు తెచ్చి కాలికి పెట్టింది. పరామర్శకు వచ్చినవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. చేపలకు వేసే ఐసు బతికున్న మనిషికి వేస్తారా అని ఊరంతా ఒకటే గుసగుస. మనిషి చెడిపోకుండా నిలవ ఉంటాడని ఒకరిద్దరు సమర్థించారు గానీ వాళ్ల మాట చెల్లలేదు. రెండో రోజు సాయంత్రానికి షాపు అరుగు మీద సభ జరిగింది.

"ఈ కాలు వలీ ఒక్కడిది కాదు," అని చిన్నపోలయ్య మైకు లేకపోయినా మైకున్నట్టే మొదలుపెట్టాడు. "ఈ కాలు మన పాలెం ఆస్తి! మన పెద్దల పుణ్యం! తుఫాన్లు వచ్చినాయి, పోయినాయి. గవర్మెంట్లు వచ్చినాయి, పోయినాయి. ఈ కాలు మనల్ని తొక్కతానే ఉండాది. అట్టాంటి కాలికి ఏ వైద్యం చెయ్యాల అనేది ఒక డాక్టరమ్మ, ఒక ఆడకూతురు ఇద్దరూ కూర్చొని తేల్చేదా? ప్రజలు తేల్చాల!"

ప్రజలు చప్పట్లు కొట్టారు. కాలి పరిరక్షణ సంఘం అక్కడికక్కడే ఏర్పడింది. చిన్నపోలయ్య అధ్యక్షుడు, సుశీల్ కుమార్ గారు కార్యదర్శి. కాలి యజమానిని గౌరవ సభ్యుడిగా తీసుకున్నారు.

సుశీల్ కుమార్ గారు శాస్త్రీయ దృక్పథం గల మనిషి. ముప్పై ఏళ్లు పిల్లలకు ప్రయోగం చేసే విధానం రాయించారు. ఒక్క ప్రయోగమూ చేయించలేదు, బడిలో సామాను లేక. ఆ లోటు తీరే అవకాశం ఇన్నాళ్లకు వచ్చింది.

"డాక్టరమ్మ చెప్పిన పోలిక మంచిదే. కానీ అది వాళ్ల నేల మీద, వాళ్ల చీలమండల మీద చేసింది. మన చీలమండ వేరు. ఇసకలో నడిచిన చీలమండ ఇది. కాబట్టి మనమే పోల్చి చూడాలి. నాలుగు వైద్యాలకి నాలుగు గుంపుల మనుషులు కావాలి. మనకున్నది ఒకే మనిషి, ఒకే బెణుకు. అందుకని గుంపులకి బదులు రోజులు పంచుదాం. ఒక్కో వైద్యానికి రెండు రోజులు. ప్రజలే పదికి మార్కులు వేస్తారు. రోగికి ఓటు లేదు, ఎందుకంటే రోగి పక్షపాతంగా ఉంటాడు."

"మరి ఎడమకాలు?" అన్నాడెవరో.

"భలే అడిగినావు. పోలికకి ఏ వైద్యమూ చేయని కాలొకటి ఉండాలి. ఎడమకాలిని ఎవరూ ముట్టుకోకూడదు."

పిండికట్టు సంగతేమిటని ఇమాంబీ లోపలి నుంచి అరిచింది. ప్రభుత్వ వైద్యం కనుక దాన్ని చివరికి పెట్టామని కార్యదర్శి మర్యాదగా జవాబిచ్చారు. దరియావలి ఏదో అనబోయాడు. గౌరవ సభ్యుడు నవ్వినట్టు మినిట్సు పుస్తకంలో రాసుకున్నారు.

మొదటి రెండు రోజులు అధ్యక్షులవారి ఇసుక కాపడం. మే నెల మిట్టమధ్యాహ్నం, రేవు దగ్గర, మోకాలి వరకూ కాలిని ఇసుకలో పాతిపెట్టి పైన పెళ్లిపందిరి గొడుగు పట్టారు. గొడుగు కాలికి. మనిషి ఎండలోనే ఉన్నాడు. నెల్లూరు ఎండ సంగతి మీకు తెలుసు, ఆ ఇసుకలో వేరుశనక్కాయలు వేగుతాయి. అధ్యక్షుడు ఆ కాలి పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో వాట్సాపులో కావలి దాకా వెళ్లింది. ఫోటో బాగా వచ్చినందువల్ల ఎనిమిది మార్కులు పడ్డాయి.

తర్వాత బోగోలు పక్క నుంచి కట్టువైద్యుడు వచ్చాడు. అతను కాలిని అటూ ఇటూ లాగి, ఎముక పక్కకు జరిగిందన్నాడు. ఎక్స్‌రేలో అలా లేదే అని ఇమాంబీ అడిగితే, "ఎక్స్‌రేలో ఎముకలు కనపడతాయమ్మా, వాటి మనసు కనపడదు," అన్నాడు. ఈ మాట ఊరికి చాలా నచ్చింది. మినప్పిండి, రోజుకు ఆరు కోడిగుడ్ల సొన కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి బిగించాడు. ఆ వాసనకు వీధిలోని పిల్లులన్నీ మంచం చుట్టూ చేరి దరియావలిని ఎంతో ఆప్యాయంగా చూడసాగాయి. పిల్లులకు ఒక మార్కు తగ్గించి ఏడు వేశారు.

అయిదో రోజు నుంచి పొదుపు సంఘం ఆడవాళ్ల వంతు. చింతపండు, రాళ్ల ఉప్పు కలిపి కుతకుత ఉడికించి వేడివేడిగా పట్టు వేశారు. దరియావలి కేక పెడితే, పట్టు పనిచేస్తోందనడానికి అదే గుర్తన్నారు. కేక పెట్టకపోయి ఉంటే, కాలు ఓర్చుకునే బలం తెచ్చుకుందనేవారు. దీనికీ ఎనిమిది.

చివరి రెండు రోజులు యువజన సంఘం. టీవీలో ఆటగాడి కాలు మెలిక పడితే ఒకడు పరుగున వచ్చి స్ప్రే కొడతాడు, ఆటగాడు వెంటనే లేచి ఉరుకుతాడు. కాబట్టి వాళ్లు స్ప్రే కొట్టి, సాగే కట్టు చుట్టి, ఉరకమన్నారు. వద్దనడం చేతకాని దరియావలి లేచాడు. నాలుగు అడుగులు వేసి అయిదోదానికి కుప్పకూలాడు. నాలుగు అడుగులు వేయించిన వైద్యం ఇంతవరకూ మరొకటి లేదు కనుక తొమ్మిది మార్కులు ఇచ్చారు.

ఎనిమిదో రోజు సాయంత్రం ఫలితాలు ప్రకటించారు. కుడికాలు అప్పటికి నల్లవంకాయ రంగుకు వచ్చి, దిమ్మలా ఉంది. నాలుగు వైద్యాలకూ మంచి మార్కులు వచ్చినా, నొప్పి, వాపు, నడక అన్నీ లెక్కలోకి తీసుకుంటే పదికి పది వచ్చింది ఒక్క ఎడమకాలికే. ఫలితం ఊహించనిది అయినా శాస్త్రాన్ని గౌరవించాలి కదా. విజేతకు సన్మానం చేయాలని తీర్మానించారు. అధ్యక్షుడు శాలువా తెచ్చి ఎడమకాలికి కప్పాడు. కార్యదర్శి దాని నిరాడంబరత గురించి పది నిమిషాలు మాట్లాడారు.

ఇమాంబీ అంతవరకూ ఓర్చుకుంది. శాలువా చూశాక ఆమెకు కళ్ల నీళ్లు ఆగలేదు. గబగబా వచ్చి, శాలువా లాగి చిన్నపోలయ్య చేతిలో పెట్టింది.

"మీ పోలికలు మీ ఇంట్లో చేసుకోండి అన్నా. మీకు ఈ కాలు తొక్కేదానికి కావాల. నాకు ఆయన నడిచేదానికి కావాల. నేను ఈడ ఒకదాన్ని పెళ్లాన్ని ఉండానని ఎవురికైనా గుర్తుండాదా?"

ఎవరికీ గుర్తు లేదు. ఆమె ఆటో పిలిపించి మొగుణ్ని ఎక్కించుకుని పోయింది. మెర్లిన్ ఆ కాలిని చూసి, దాని మీద ఎండిన గుడ్డునూ చింతపండునూ చూసి, అరగంట సేపు కడిగించి, చెప్పినట్టే పిండికట్టు వేసింది. తిట్టలేదు. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది కనుక తిట్టడం మానేసింది.

కట్టు పడ్డాక దరియావలికి మొదటిసారి హాయిగా అనిపించింది. నొప్పి తగ్గుతోంది. రెండు దిండ్ల మీద కాలు పెట్టుకుని, మిషను వైపు చూస్తూ రోజులు లెక్కపెట్టుకున్నాడు. ఈలోగా ఊళ్లో పట్టేసిన నడుములు పేరుకుపోయాయి. సుశీల్ కుమార్ గారు నిరీక్షణ జాబితా ఒకటి తయారుచేసి తలుపుకు అంటించారు.

కట్టు పడ్డ నాలుగో రోజు మధ్యాహ్నం అసలు ఉపద్రవం వచ్చిపడింది. చిన్నపోలయ్య ఎక్కడో సభలో గంటసేపు మాట్లాడి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, లేవబోయి, సగంలో ఆగిపోయాడు. ఒక పక్క జడ్సన్, ఇంకో పక్క సుశీల్ కుమార్ గారు పట్టుకుని అతన్ని అలా వంగినవాణ్ని వంగినట్టే తెచ్చారు. ముఖం నేలను చూస్తున్నా గొంతు మాత్రం తగ్గలేదు.

"వలీ! కట్టు కోసేయ్! మూడు తొక్కులు తొక్కి మళ్లా కట్టించుకో. ఖర్చు నాది!"

"ఇంకా ఆరు రోజులు ఉండాది పోలయ్యా," అన్నాడు దరియావలి మెల్లిగా.

"సాధారణ పౌరులకి ఆరు రోజులు. ఇది అత్యవసరం," అన్నారు సుశీల్ కుమార్ గారు. జడ్సన్ మిషను మీదున్న పెద్ద కత్తెర అందుకున్నాడు. ఇరవై ఏళ్లుగా దరియావలి బట్టలు కత్తిరిస్తున్న కత్తెర అది. ఇమాంబీ మంచం ఎక్కి, కట్టు ఉన్న కాలిని ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులా చుట్టేసింది. దరియావలి గొంతులో "వద్దు" అన్న మాట వచ్చి, అలవాటు లేక అక్కడే ఇరుక్కుపోయింది. ఆ కత్తెర కట్టును తాకితే తన కాలు ఇక తనది కాదని అతనికి తెలుస్తూనే ఉంది.

సుశీల్ కుమార్ గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఎడమకాలు ఖాళీగానే ఉంది, పైగా పదికి పది వచ్చిన కాలు. పుట్టేటప్పుడు ముందు వచ్చింది ఎడమకాలే అయితే దాన్నే వాడుకోవచ్చు కదా? ముప్పై ఏడేళ్లలో ఈ విచారణ ఎవరూ చేయలేదు. సాక్షి ఉంది. ఆ రోజు బడి గదిలో ఇద్దరికీ పురుడు పోసిన ఆదిశేషమ్మ రెండిళ్ల అవతలే ఎండుచేపలు తిరగేస్తోంది. ఎనభై దాటిన ఆ అవ్వను పిలుచుకొచ్చి, కుర్చీ వేసి, ఏ కాలు ముందొచ్చిందని అడిగారు.

"ఏ కాలేంది నాయనా?" అంది ఆదిశేషమ్మ. "వలీ తలకాయతోనే బుద్ధిగా వచ్చినాడు. ఎదురుకాళ్లతో వచ్చింది ఈ పోలయ్య గదా! వాళ్లమ్మని ఒక పగలంతా ఏడిపించినాడు. బిడ్డ బయటపడేసరికి ఆమెకి తెలివే లేదు."

వంగి నేలను చూస్తున్న చిన్నపోలయ్య చూపు తన కాళ్ల మీదికి మళ్లింది.

"మరి ఊరంతా..." అని సుశీల్ కుమార్ గారు నీళ్లు నమిలారు.

"లోపల చీకటి, బయట జనం, మధ్యలో చీర. ఎదురుకాళ్ల బిడ్డ పుట్టినాడని నేనొక కేక వేసినా. చీరకి ఏ పక్కో చెప్పలా. మీరే ఎవురికి తోచినట్టు వాళ్లు అనుకున్నారు."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం అవ్వా?"

"నన్నెవురడిగినారు?" అని చేపలకు కాకులు చేరుతున్నాయని వెళ్లిపోయింది.

ముందుగా కేక పెట్టింది జడ్సన్. పదిహేను రోజులుగా ఇనుములా ఉన్న అతని నడుము ఈ మాట చెవిన పడగానే పట్టేసింది. కత్తెర కింద పడిపోయింది. సాయంత్రానికి ఊళ్లో ముప్పై ఏడేళ్లుగా కుదిరిన నడుములు ఒకదాని తర్వాత ఒకటి పాత నొప్పికి తిరిగి వెళ్లాయి. చనిపోయినవాళ్లు తప్ప ఎవరూ మినహాయింపు కాదు.

దరియావలి కాలు మళ్లీ తనకు వచ్చింది. సంతోషమే. అయినా ఆ సాయంత్రం అతనికి ఏదో పోగొట్టుకున్నట్టే ఉంది. అమ్మ సాహిరా చిన్నప్పుడు ప్రతి శుక్రవారం ఆ పాదానికి నూనె రాసి, నా బంగారు కాలు అని ముద్దు పెట్టుకునేది. ఆమెకు తెలియదా, బిడ్డ ఎలా వచ్చాడో? తెలిసే ఉంటుంది. ఊరంతా తన బిడ్డ కాలికి దండం పెడుతుంటే కాదని ఏ తల్లి అంటుంది? అతను కళ్లు తుడుచుకుంటే ఇమాంబీ చూడనట్టు ఊరుకుని, ఆ కాలి కింద దిండు సర్దింది.

మిగిలిన ఆరు రోజులూ ఆ ఇంటి గుమ్మం ఎవరూ తొక్కలేదు. కట్టు విప్పారు. మెర్లిన్ చెప్పిన వ్యాయామాలు అతను ఒక్కటీ మానకుండా చేశాడు. జూన్ మొదటి వారంలో మిషను మళ్లీ కదిలింది. బడి తెరిచేనాటికి నూటపన్నెండు మంది పిల్లలూ కొత్త బట్టలతో వెళ్లారు. కాలి పరిరక్షణ సంఘం తుది నివేదిక విడుదల చేసింది. ఇసుక, గుడ్డు, చింతపండు, స్ప్రే నాలుగూ కలిసి పనిచేసినందువల్ల కాలు కుదిరిందనీ, మధ్యలో పిండికట్టు వల్ల కొంత ఆలస్యం జరిగిందనీ అందులో స్పష్టంగా ఉంది.

చిన్నపోలయ్య ఇంటి ముందు ఇప్పుడు పందిరి వేశారు. ఎవరి కాలితో వారు తొక్కుకోలేరు కనుక అతని నడుము ఇంకా వంగే ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరు మనుషులు ఆ కాలిని ఎత్తి జనం వీపుల మీద పెట్టి తీస్తారు. తొక్కుతున్నంతసేపూ ప్రసంగం ఉంటుంది. అందరికీ కుదురుతోంది. జడ్సన్ నడుము మళ్లీ ఇనుమైంది. వచ్చే ఎన్నికల్లో చిన్నపోలయ్యకు పోటీ ఎవరూ ఉండరని అంటున్నారు.

వారం రోజులు తల వంచుకుని కుట్టీ కుట్టీ, జూన్ పదిహేనున దరియావలికి నడుము పట్టేసింది. వేడినీళ్ల కాపడం పెడతానని ఇమాంబీ అంది. నాలుగు రోజులు వంగకుండా ఉంటే అదే పోతుందని మెర్లిన్ ఫోనులో చెప్పింది. దరియావలి సరేనన్నాడు. మర్నాడు పొద్దున్నే చొక్కా వేసుకుని, కుంటకుండా, చీలమండ మడత పడకుండా, చక్కగా నడుచుకుంటూ వెళ్లి చిన్నపోలయ్య పందిట్లో వరసలో నిలబడ్డాడు. అతని టోకెను ముప్పై ఒకటి. కాళ్ల మహిమ ఎంతో ఆ ఊళ్లో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయినా ఒకసారి తొక్కించుకుంటే పోయేదేముందిలే అనుకున్నాడు.

మీరు నవ్వుతున్నారు. చదువుకున్నవాళ్లు, నవ్వొచ్చు. కానీ మీలో కొందరు చిన్నపోలయ్యది ముందొచ్చింది కుడికాలా, ఎడమకాలా అని ఇందాకటి నుంచి వెనక్కి వెళ్లి వెతుకుతున్నారు. అక్కడ రాయలేదు. ఎడమకాలు. టోకెన్లు పొద్దున ఆరింటికి ఇస్తారు.